మూడు రోజుల మాట



డిసెంబరు వస్తే చాలు, తెల్లవారుజామున ప్రార్థన ముగించగానే నేను ఫోను పట్టుకుంటానని మా ఇంటావిడ మీలో కొందరితో చెప్పి నవ్విందట. నిజమే. నేను చూసేది వాతావరణ శాఖ బులెటిన్.

మన దేశం ఎంత పెద్దదో అందులో కనబడుతుంది. ఒకే ఉదయం కాశ్మీరు, హిమాచల్ కొండల మీద మంచు కురుస్తుందని ఉంటుంది. పంజాబు నుంచి ఉత్తరప్రదేశ్ దాకా పొగమంచు, రాజస్థాన్‌లో చలిగాలులు, కింద తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వాన. కొండలకు మంచు తెచ్చేది వెస్టర్న్ డిస్టర్బెన్స్. అది మధ్యధరా సముద్రం వైపు నుంచి బయలుదేరి అంత దూరం వస్తుంది. అది దాటిపోయాక వాయవ్యం నుంచి పొడి చలిగాలి మైదానాల్లోకి దిగుతుంది. అక్కడ రాత్రి వేడి 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో పడి, మామూలు కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చలిగాలులు అంటారు. మనలాంటి తీర ప్రాంతానికి ఆ 10 స్థానంలో 15 పెట్టారు. మనం 18కే దుప్పట్లు ముసుగేసుకుంటాం, అది వేరే సంగతి.

మునుపు ఆ ఉత్తరాది వరుసలు చదవకుండా దాటేసేవాణ్ణి. ఇప్పుడు మన సంఘం పిల్లవాడొకడు పంజాబులో సైన్యంలో ఉన్నాడు. ఒక అమ్మాయి ఢిల్లీలో నర్సు. దట్టమైన పొగమంచు అంటే 200 మీటర్ల అవతల ఏమీ కనబడదు, అతి దట్టమైనదంటే 50 మీటర్లు కూడా కనబడదు. క్రిస్మస్‌కి ఆ బిడ్డ రైలెక్కే రోజున ఆ మాట ఉంటే, ఇక్కడ స్టేషనులో వాళ్ల నాన్న ఎంతసేపు కూర్చోవాలో!

ఈ అలవాటు నాకెందుకు వచ్చిందో ఇన్నాళ్లూ చెప్పలేదు.

2023 డిసెంబరు 3, ఆదివారం. బంగాళాఖాతంలో వాయుగుండం ఆ రోజే మిచాంగ్ తుఫానుగా మారింది. నెల్లూరు, మచిలీపట్నం మధ్య మంగళవారం తీరం దాటవచ్చని వాతావరణ శాఖ చెబుతూనే ఉంది. ఆరాధన అయ్యాక ఒక తల్లి నా దగ్గరకొచ్చింది. భర్త లేడు. ఎకరంన్నర కౌలు చేస్తుంది. సాంబ మసూరి కోయించి రెండు రోజులైంది, పనలు పొలంలోనే ఉన్నాయి.

“అయ్యగారూ, తుఫాను మన వైపు వచ్చిద్దంటారా?”

నేను ఆ రోజు బులెటిన్ చూడలేదు. చూడలేదని చెప్పడానికి నామోషీ. పైగా భయపెట్టడం ఎందుకనిపించింది. “దేవుని చిత్తం అమ్మా, ప్రార్థన చేద్దాం” అన్నాను. చేశాను కూడా. ఆమె దాన్ని ‘రాదు’ అని విన్నది. తన పాస్టరు నెమ్మదిగా ఉంటే ఎవరైనా అలాగే వింటారు. పక్క చేలవాళ్లు ఆ మధ్యాహ్నమే కూలీలను పిలిచి కుప్పలు వేసుకుని బరకాలు కప్పారు. మంగళవారం మధ్యాహ్నం తుఫాను బాపట్లకు దక్షిణంగా, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. వారం తిరగకముందే ఆమె పనలు నీళ్లలో మొలకెత్తాయి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొలకలు ఆగుతాయని చెప్పడానికి వెళ్లాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “దేవుడు చూసుకుంటాడులే అయ్యగారూ” అని నన్నే ఓదార్చింది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీశాను. అదే మధ్యధరా సముద్రం, చలికాలం దగ్గరపడిన రోజులు. క్రేతు రేవులో పౌలు ఖైదీ. అయినా ఓడవాళ్లతో ఈ ప్రయాణం నష్టమని ముందే చెప్పాడు. శతాధిపతి వినలేదు. ఊరకులోను గాలి ఓడను పట్టుకుంది. ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో. ఎప్పుడూ దేవదూత వచ్చి ధైర్యం చెప్పిన చోటే ఆగేవాణ్ణి. దూత వచ్చింది తర్వాత. అంతకు ముందు పౌలు నోరు తెరిచి వాతావరణం సంగతి చెప్పాడు.

అప్పటి నుంచి ఆరాధన చివర ప్రకటనల్లో మూడు రోజుల సూచన చదువుతున్నాను. మూడు రోజులు దాటితే నేను మాట్లాడను, తప్పే అవకాశం పెరుగుతుంది. “వాన అన్నారు, మా చేలో చుక్క పడలేదు” అని కొందరు ఎగతాళి చేస్తారు. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే జిల్లా అంతా అని కాదు నాయనా, నాలుగో వంతు చోట్ల పడినా ఆ మాట నిజమైనట్టే. వట్టినే కుప్ప వేయించినందుకు కూలి డబ్బులు పోయాయని ఒకాయన నాతో రెండు వారాలు మాట్లాడలేదు. సరే, అది భరించగలను.

ఆ తల్లి ఈ ఏడూ అదే చేను చేసింది. మొన్న కోత అయింది. ఈ ఉదయం మన జిల్లాకు ఏ హెచ్చరికా లేదని ఫోను చేసి చెప్పాను. “సాయంత్రం ఇంకోసారి చూడండి అయ్యగారూ” అన్నది. చూసి మళ్లీ చేయాలి.