అటక మీది పెట్టెలు

"ఆయ్, ఇవింకా పలుకుతాయంటారా?" అని నవ్వాడు రాజోలు మెకానిక్.

నాన్నగారి స్పీకర్లు. ఒక్కోటి నా నడుమెత్తు.
12 అంగుళాల ఊఫర్ చుట్టూ ఉన్న ఫోమ్ వేలు పెడితే పిండిలా రాలింది. మన కోనసీమ తేమకి ఇనప బందులే ఆగవు, ఫోమ్ ఎంత!

1.5 వోల్టుల బ్యాటరీ ఆనించగానే కోన్ టప్‌మని ముందుకు దూకింది. మీటర్లో 6 ఓమ్‌లు, అంటే 8 ఓమ్‌ల స్పీకరే.
కాయిల్ బతికే ఉంది!

కొత్త ఫోమ్ అతికించి రాత్రంతా ఆరబెట్టాం.
చిన్న ఆంప్లిఫయర్‌ని చివరిదాకా తిప్పితే ట్వీటర్ మాడుతుంది, అందుకే పెద్దదే అరువు తెచ్చా.

మొదటి రికార్డు 1980 నాటి 'శంకరాభరణం'. మృదంగం ఛాతీలో మోగింది.

వంటింట్లోంచి అమ్మ, "కాస్త తగ్గించండీ!"

నన్నెప్పుడూ అండీ అనదు.
...
రికార్డ్ ప్లేయర్ సూది అరిగిపోయింది. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.