ఇనుప చక్రాల బేరానికి

జనగామ నుంచి భూపాలపల్లికి హనుమకొండ, పరకాల మీదుగా పోవడమే దగ్గర. మేము మానుకోట (మహబూబాబాద్) మీదుగా చుట్టు తిరిగి పోయాం. బండి నడిపే మెకానిక్‌ను తమ్ముడనే పిలుస్తాను, అతని అక్క ఇల్లు బయ్యారంలో ఉంది. పైగా, నాకు దారిలో నాలుగు రకాల పొలాలు చూడాలనుంది. పని మాత్రం ఒక్కటే. గణపురం మండలంలో ఒక రైతు తన ట్రాక్టర్ ఫుల్ కేజ్‌వీల్స్, అంటే బురదలో దున్నే ఇనుప చక్రాలు, అమ్ముతున్నాడు. జత 18,000 అన్నాడు. ఫోన్లోనే వెయ్యి అడ్వాన్సు కొట్టేశాను, చూడకుండానే.

ఆ తొందరకు కారణముంది. నిరుడు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు మా ఊరి చెరువులోకి వచ్చాయి. పైన వానలూ పడ్డాయి. చెరువు కింది మడిలో కరిగెట చేస్తుంటే నా ట్రాక్టర్ వెనక చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. రబ్బరు టైరు గాళ్లలో బురద నిండి, తిరిగినకొద్దీ ఇంకా లోపలికే పోయింది. పక్కూరి ట్రాక్టర్‌కు గొలుసు కట్టి లాగించాం. ఒడ్డున నిలబడి చూసినవాళ్లు ఇప్పటికీ ఎదురైతే "బండి బయటికొచ్చిందా సారూ" అని అడుగుతారు. బడిలో పాఠాలు చెప్పుకుని బతికేవాడు ట్రాక్టర్ కొంటే ఇట్లాంటివి పడాల్సిందే.

తెల్లవారుజామున బయల్దేరాం. ఆరుద్ర కార్తె వచ్చి వారమైంది, మబ్బుంది గానీ చుక్క లేదు.

"అన్నా, పదేండ్లల ఎన్నిసార్లు దిగబడ్డది నీ బండి?" అన్నాడు తమ్ముడు వెనక్కి తిరగకుండా.

"ఒక్కసారి."

పాలకుర్తి దాకా మళ్లీ మాట్లాడలేదు.

పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడు, పక్కనే బమ్మెర. పోతన నాగలి పట్టినవాడని మా వైపు గట్టిగా చెప్పుకుంటాం. ఆయన దున్నింది ఈ ఎర్ర చెల్కనే అయితే నీళ్ల కోసం ఎదురుచూసి ఉంటాడు గానీ బురదకు భయపడి ఉండడు. చాకలి ఐలమ్మ గింజ పోనియ్యనని నిలబడ్డ భూములూ ఈ చుట్టుపక్కలవే. చెల్కలో నీళ్లు నిలవవు, ఇంకిపోతాయి. మడిని బురద చేసేదే అందుకు: మెత్తని మన్ను అడుగున పరుచుకుని నీళ్లను కొంత పట్టి ఉంచుతుంది. బోరు పోసినంత సేపే ఆ బురద. మోటరు ఆగితే రెండు రోజులకు నెర్రె పట్టే మడి నాది, చెరువు కింది ఆ ఒక్క ముక్క తప్ప.

తొర్రూరులో ఒక వెల్డింగు షాపు ముందు కొత్త కేజ్‌వీల్స్ గోడకు ఆనించి ఉంటే ఆగాం. దగ్గరికెళ్లి చూస్తే పెద్ద పనితనమేం కాదు. రెండు మూడు ఇనుప కడియాలు, వాటి మీద అడ్డంగా యాంగిల్ ముక్కలు. ఆ ముక్కల అంచులే పళ్లు. ఫుల్ వీల్ అయితే రబ్బరు టైరు విప్పేసి దాని చోట బిగించాలి. హాఫ్ వీల్ అయితే టైరు ఉండగానే పక్కన తోడుగా బిగిస్తారు. వెడల్పు వల్ల బండి బరువు బురద మీద పరుచుకుంటుంది, పళ్లు అడుగు గట్టిని పట్టి నెడతాయి. సందుల్లోంచి బురద జారిపోతుంది కాబట్టి రబ్బరులా పూడుకుపోదు.

షాపతను ధర చెప్పలేదు, ముందు "చెల్కనా రేగడా?" అని అడిగాడు. చెల్క అన్నాను. "మరెందుకు సార్ ఫుల్ వీలు? గట్టి నేల మీద అది నడువది, ఎగురుతది. దెబ్బ హబ్బుకు, బేరింగులకు తగుల్తది. పొలం కాడికి తారు రోడ్డు మీద పోతవా, కేసు పెడ్తరు." నిజమే. మా రోడ్ల మీద అడ్డంగా పళ్లు దిగిన గాట్లు కనిపిస్తే ఆ మధ్య ఎవరో చక్రాలు విప్పే ఓపిక లేక అట్లాగే పోయారని లెక్క. ఫుల్ వీల్స్ కొన్నవాడు వాటిని ట్రాలీలో వేసుకుపోయి, గట్టు మీద జాకీ పెట్టి టైర్లు విప్పి బిగించాలి, పనయ్యాక మళ్లీ విప్పాలి. ఈ సంగతి నేను అడ్వాన్సు కొట్టినప్పుడు ఆలోచించలేదు.

మానుకోట స్టేషను ఎదురుగా చాయ్ తాగుతుంటే న్యూజెర్సీ నుంచి మా అన్న కొడుకు ఫోను. వాడికి మూడేళ్లుగా మంచు మీద జారే పిచ్చి పట్టుకుంది. చలికాలం శని, ఆదివారాలు వెర్మాంట్ కొండలకు పోతాడు. ఇప్పుడు ఎండాకాలం కదా, స్కీలు డిస్కౌంట్లో పెట్టారట. నడుము దగ్గర 112 మిల్లీమీటర్ల వెడల్పువి, పొడి మంచు మీద తేలిపోయేవి, వీడికి కావాలి.

"మరి మీ దగ్గర పొడి మంచు పడ్తదారా?"

"ఎప్పుడో ఒకసారి పడ్తది చిన్నాయనా. ఎక్కువ రోజులు మిషన్లతోటి చేసిన మంచే. పొద్దున కరుగుతది, రాత్రి గడ్డకడ్తది. అద్దం లెక్క ఉంటది."

అద్దం మీదికి సన్నవి కావాలట, 80 చుట్టుపక్కల. అంచు పదునుగా ఉండి గడ్డలోకి దిగాలి. వెడల్పువాటికి ఒక అంచు మీంచి ఇంకో అంచు మీదికి మళ్లడానికి ఆలస్యమవుతుంది, ఆ మెలి బలమంతా మోకాలు మీద పడుతుంది. ఇదంతా వాడే చెప్పాడు, చెప్పి "కొనమంటవా?" అన్నాడు. తొర్రూరు వెల్డింగు షాపతన్ని తలుచుకుని వద్దన్నాను. నేనెక్కడికి పోతున్నానో వాడికి చెప్పలేదు. తమ్ముడు చాయ్ గ్లాసు వెనక నవ్వుకుంటున్నాడు.

ఆ రాత్రి బయ్యారం. కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువది. శాసనంలో ధర్మకీర్తి సముద్రమని పేరు. సుమారు ఎనిమిది వందల ఏళ్లయినా దాని కింద నాట్లు పడుతూనే ఉన్నాయి. తూము కింద ఒక పొలంలో ఇద్దరు కేజ్‌వీల్స్‌తో దున్నుతుంటే ఒడ్డున కూర్చుని చీకటి పడేదాకా చూశాను. ఇంజను గొంతు మారకుండా, ఈదుతున్నట్టు పోతోంది బండి. కొనాలనిపించింది.

మరునాడు నర్సంపేట, మల్లంపల్లి మీదుగా గణపురం చేరేసరికి పదకొండు. కోటగుళ్ల ముందు బండి ఆపి ఐదు నిమిషాలు తిరిగాం. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం, దాని చుట్టూ సగం కూలిన చిన్న గుళ్లు. తమ్ముడికి ఆకలి, నాకు బేరం. ఎక్కువసేపు నిలబడలేదు.

అమ్మే రైతు అరవై దాటినవాడు. పొలం గణపసముద్రం కింద, నల్లరేగడి. కొడుకు నాట్లు మానేసి వరి వెదజల్లే పద్ధతికి మారాడు, ఇంత బురద అక్కరలేకపోయింది, అందుకే అమ్మకం. చక్రాలు కొట్టం వెనక చింతచెట్టుకు ఆనించి ఉన్నాయి. వంగి పళ్లను తడిమాను. తుప్పు చారలున్నాయి గానీ అంచు బొటనవేలికి ఇంకా తగులుతోంది. యాంగిల్ మూలల్లో నిరుటి మట్టి ఎండి నల్లటి బిళ్లలుగా అతుక్కుని ఉంది. ఒక బిళ్ల ఊడదీసి నలిపితే పొడి కాలేదు, ముక్కలైంది. మా మట్టి అయితే చేతిలో ఇసుకలా రాలిపోయేది.

పెద్దాయన నన్ను పొలం గట్టు మీదికి తీసుకుపోయాడు. నారుమడి పక్కన ఒక మడిలో నీళ్లు పెట్టి ఉన్నాయి. చేతికర్రను నిలువుగా గుచ్చితే మోకాటి ఎత్తు దాకా, అడ్డం లేకుండా, దిగిపోయింది. బయటికి తీస్తే కర్ర మీద బురద నల్లటి మేజోడులా పట్టుకుంది.

"మీ దిక్కు ఎంత దిగుతది పంతులూ?"

"చీలమండ దాటదు."

"అన్ని మడులల్లనా?"

"ఒక మడిల దిగుతది. నీళ్లొచ్చిన ఏడు."

ఆయన కర్రను గట్టు గడ్డికి తుడుస్తూ, "ఎన్ని గుంటలు?" అన్నాడు.

"పది."

"పది గుంటలకు ఎవలన్నా రెండు టైర్లు విప్పుతరా? ఆ మడికి కూలికి పిలుసుకో ఎవల్నన్న. గంట పని."

అడ్వాన్సు వెయ్యీ తిరిగి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు, ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఐదొందల నోటు నా జేబులో, ఒక సంచెడు పచ్చిమిర్చి తమ్ముడి బండి హ్యాండిల్‌కు.

వచ్చేటప్పుడు భూపాలపల్లి, పరకాల దారి పట్టాం. మోరంచపల్లి దగ్గర వాగు వంతెన మీద ఆగాను. 2023 జూలై 27న ఈ ఊరు తెల్లారేసరికి నీళ్లలో ఉంది, హెలికాప్టర్లు వచ్చి మనుషుల్ని తీశాయి. ఇప్పుడు వాగులో సన్నటి పాయ పారుతోంది. ఒడ్డున ఒకతను ఎడ్లను కడుగుతున్నాడు.

జనగామలో దిగేసరికి ఫోన్లో ఫోటో ఉంది. న్యూజెర్సీ ఇంటి హాల్లో సోఫా వెనక రెండు కొత్త స్కీలు, చెక్కపలకల్లా వెడల్పుగా, ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. కింద ఒక లైను: "ఈసారి మంచిగ పడ్తదంటున్నరు చిన్నాయనా."

నేను జవాబు రాయబోయి, ఆగి, మబ్బు వైపు చూశాను.