యాభై దాటాక కొత్త భాషా?

"యాభై దాటాయి డాక్టరుగారూ, ఇంక కొత్తవి బుర్రకెక్కుతాయా?" అని అడిగేవారు చాలామంది. ఎక్కుతాయి, కాకపోతే కాస్త నిదానంగా ఎక్కుతాయి. మా అమ్మాయి చదువుకోసం ఇటలీ వెళ్లినప్పటినుంచి నేనూ ఆ భాష నేర్చుకుంటున్నాను కనుక స్వానుభవంతోనే చెబుతున్నాను.

వైద్యుణ్ణి కదా, 'రెస్పిరారే' అనే క్రియతో మొదలుపెట్టాను. ఊపిరి పీల్చడమని అర్థం. రెస్పీరో అంటే పీలుస్తాను, రెస్పీరి పీలుస్తావు, రెస్పీర పీలుస్తాడు. మన తెలుగులో లాగే క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలుస్తుంది. రెస్పిరావో అంటే పీల్చేవాణ్ణి, రెస్పిరెరో ఇకమీదట పీలుస్తాను, రెస్పిరెరేయి వీలుంటే పీలుస్తాను. రోగి చిన్నవాడైతే 'రెస్పీర', పెద్దవారైతే 'రెస్పీరి' అనాలి. మనం పీల్చు, పీల్చండి అన్నట్టే. ఈ ఒక్కటి పట్టుబడితే 'ఆరే'తో ముగిసే క్రియలు చాలామటుకు దారికొస్తాయి.

పట్టిక పదిసార్లు చదవడంకన్నా పుస్తకం మూసి ఒకసారి అప్పజెప్పుకోవడం మేలు. మర్నాడు ఒకసారి, నాలుగోనాడు ఒకసారి, వారం పోయాక మరోసారి. విడతలుగా వల్లించినదే నిలుస్తుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపాడు. కంటినిండా నిద్రా ముఖ్యమే.

కొత్త మాట మరిచిపోతే దిగులుపడకండి. కాని తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నా, అడిగిందే పదేపదే అడుగుతున్నా వయసు మీదకు నెట్టేయకుండా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో తగ్గవచ్చు.