ముక్తేశ్వరం రేవు నుంచి మాండోవి ఓడ దాకా

గోవా అనగానే మీకేం గుర్తొస్తుంది? సముద్రం, చర్చిలు, జీడిపప్పు... అంతేగా! మొన్నటిదాకా నాకూ అంతే. వెళ్ళొచ్చాక మాత్రం ముందుగా పచ్చగుడ్డ పరిచిన ఓ బల్ల గుర్తొస్తోంది. ఆ బల్ల దగ్గర నేనేం చేశానో మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. కాస్త సిగ్గుగానే ఉంది. అయినా మీకు చెప్పుకోక ఇంకెవరికి చెప్పుకుంటాను?

మాది కోనసీమలో ముక్తేశ్వరం. అయినవిల్లి మండలం. గౌతమీ గోదావరికి ఇవతల ఒడ్డున మేము, అవతల ఒడ్డున కోటిపల్లి. మధ్యలో పంటు మీద దాటాలి. మనుషులూ, మోటారు సైకిళ్ళూ, కూరగాయల బుట్టలూ అన్నీ ఆ పంటు మీదే. వరదలొస్తే అదీ ఆగిపోతుంది. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు వస్తుందని నా పెళ్ళయిన కొత్తలో నుంచీ వింటున్నాను. మా ఊళ్ళో స్వామి పేరు క్షణ ముక్తేశ్వరుడు. క్షణంలో ముక్తినిచ్చే దేవుడని మా నమ్మకం. అవతల కోటిపల్లిలో సోమేశ్వరుడు. మా పక్కనే అయినవిల్లి సిద్ధివినాయకుడు. మీరెప్పుడైనా ఇటు వస్తే ముగ్గురినీ ఒక్కరోజులో దర్శనం చేసుకోవచ్చు.

ఇంత పుణ్యభూమిలోనూ పేకముక్కకు కొదవలేదండీ! సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల పక్కన టెంట్లు వేస్తారు. గుండాట, లోపలా బయటా, మూడు ముక్కలాట... పోలీసులు వద్దన్నా ఎక్కడో ఓచోట జరుగుతూనే ఉంటాయి. మా నాన్నగారికి కోడి మీద మోజు లేదు, ముక్క మీదే. పండక్కి మొదలైన ఆట ఉగాదికి కూడా ఆగేది కాదు. డెబ్బై సెంట్ల కొబ్బరితోట అలాగే పోయింది. మా అమ్మ గాజులు తాకట్టుకెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆయన పోయి పదేళ్ళు దాటినా నా కోపం మాత్రం పోలేదు. "బుద్ధున్న మనిషైతే లేచి రాలేకపోయేవారా?" అని అమ్మ దగ్గర ఎన్నిసార్లు అన్నానో!

మా వారికి ఊళ్ళో ఎరువుల దుకాణం ఉంది. కిందటేడు వానలు వెలిశాక కంపెనీవాళ్ళు డీలర్లందరికీ గోవాలో మీటింగు పెట్టారు. రెండురోజులు అమ్మకాల లెక్కలూ, కొత్త మందుల పరిచయాలూ, ఒకరోజు విహారం. భార్యల్ని కూడా తీసుకురమ్మన్నారు. ఇరుగుపొరుగు ముగ్గురు, "వదినా, గోవా జీడిపప్పు తేవా?" అని తలా రెండువేలు నా చేతిలో పెట్టారు. ఆ ఆరువేలూ విడిగా చిన్న పర్సులో పెట్టుకున్నాను. ఈ పర్సు సంగతి గుర్తుంచుకోండి.

రాజమండ్రిలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పులిహోర, చేగోడీలు, ఆత్రేయపురం పూతరేకులు కట్టుకెళ్ళాను. గుంటూరు, గుంతకల్, హుబ్బళ్ళి దాటాక కాసిల్‌రాక్ నుంచి ఘాటు దిగుతుంటే కిటికీ పక్క సీటు కోసం మేమిద్దరం చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నాం. దూద్‌సాగర్ జలపాతం 310 మీటర్ల ఎత్తు నుంచి పాలు ఒంపినట్టు పడుతోంది. రైలు దాని ముందునుంచే వెళుతుంది. వానలు తగ్గిన కొత్తలో వెళితేనే ఆ అందం.

గోవాలో నాకు మొదట నచ్చింది వంట. అక్కడా కొబ్బరే, అన్నమే, చేపే! కొబ్బరి, ఎండుమిర్చి, ధనియాలు మెత్తగా నూరి చేపల కూర చేస్తారు. మనం చింతపండు వేసే చోట వాళ్ళు కోకం తొక్కలు వేస్తారు. కొబ్బరిపాలలో ఆ కోకం రసం కలిపి సోల్‌కడీ అని భోజనంలో ఇస్తారు. చల్లగా, పుల్లగా భలే ఉంటుంది. మగవాళ్ళు మీటింగులో ఉంటే మేం ఆడవాళ్ళం మంగేషీ గుడి, శాంతాదుర్గ గుడి చూసొచ్చాం. పాత గోవాలో 1605లో పూర్తయిన బామ్ జీసస్ చర్చి, అందులో సెయింట్ జేవియర్ దేహం ఉంచిన వెండి పెట్టె కూడా చూశాం.

మూడోరోజు సాయంత్రం పణజిలో మాండోవి నది దగ్గరికి తీసుకెళ్ళారు. చిన్న పడవ ఎక్కించి, నది మధ్యలో లంగరేసి ఉన్న పెద్ద ఓడలోకి చేర్చారు. అదే కాసినో! గోవాలో 1976 నాటి జూదం చట్టాన్ని 1992లో సవరించి పెద్ద హోటళ్ళలో మిషన్ల మీద ఆడడానికీ, 1996లో నీటి మీద ఓడల్లో బల్లల ఆటలకూ వీలు కల్పించారట. అందుకే ఆ ఓడలు. పడవ ఎక్కేటప్పుడు నాకు మా పంటే గుర్తొచ్చింది. తేడా ఒక్కటే. మా పంటు అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. ఈ ఓడ ఎక్కడికీ పోదు!

లోపల ఎక్కడ చూసినా వెలుగులే. భోజనం, పాటలు అన్నీ టిక్కెట్టులోనే. గోడ మీద గడియారం కోసం వెతికాను, నాకైతే కనపడలేదు. ఓ చోట చక్రం తిరుగుతోంది. దానిలో సున్నాతో కలిపి 37 గళ్ళు. మన అంకె మీద రూపాయి పెట్టి గెలిస్తే, మన రూపాయీ 35 రూపాయల లాభమూ ఇస్తారు. మీరే లెక్కేయండి. అన్ని గళ్ళ మీదా రూపాయి చొప్పున 37 రూపాయలు పెడితే, ఏ అంకె వచ్చినా చేతికొచ్చేది 36. ఆ ఒక్క రూపాయీ ఓడవాడిది. రాత్రంతా, అందరి దగ్గరా, ప్రతి తిప్పుడుకీ! చూశారా, మోసం చేయాల్సిన పనే లేదు.

రైల్లోనే మా వారికి గట్టిగా చెప్పాను, "ఏమండీ, మీరు ముక్క ముట్టుకుంటే నేనొప్పుకోను" అని. ఆయన కాసేపు చక్రం దగ్గర నిలబడి, విసుగొచ్చి స్నేహితులతో భోజనానికి వెళ్ళిపోయారు. "ఊరికే చూడు, కావాలంటే నువ్వూ ఆడు" అంటూ మూడువేలు నా చేతిలో పెట్టారు. నేను బిళ్ళలు తీసుకుని పోకరు బల్ల దగ్గర కూర్చున్నాను.

పోకరు అమెరికా ఆట. 19వ శతాబ్దంలో మిసిసిపీ నది మీద తిరిగే పడవల్లో బాగా ఆడేవారట. మనుషులతో మనుషులు ఆడే పోకరు బల్లలు వేరే ఉన్నాయి. అక్కడ పందెం సొమ్ములోంచి ఓడవాడు కొంత వాటా తీసుకుంటాడు. నేను కూర్చున్నది డీలరుతో ఆడే బల్ల. మా వారూ డీలరే, అక్కడ ముక్కలు పంచే అమ్మాయీ డీలరేనట! మనకి రెండు ముక్కలు, ఆమెకి రెండు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుస్తారు. అవి చూసి, ముందు పెట్టినదానికి రెట్టింపు పెట్టి నిలబడాలి, లేదా ముక్కలు పడేసి పెట్టింది వదులుకోవాలి. తర్వాత నాలుగోది, ఐదోది తెరుస్తారు. మొత్తం ఏడింటిలో ఎవరి అయిదు ముక్కలు మెరుగైతే వాళ్ళదే ఆట. ఆ చివరి ముక్కను 'రివర్' అంటారట. అంటే నది!

ఓసారి నాకు ఇస్పేటు రాజు, ఆటీను తొమ్మిది వచ్చాయి. మధ్యలో కళావరు రాజు, డైమను నాలుగు, ఇస్పేటు జాకీ. రాజుల జత కుదిరింది కదా అని ఆరువందలు పెట్టి నిలబడ్డాను. నాలుగోది రెండు. చివరి ముక్క... ఆటీను రాజు! మూడు రాజులు! డీలరుకు కుదిరింది రాజులూ జాకీలూ, రెండు జతలే. ఒక్క ఆటలో తొమ్మిదివందలు లాభం. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా జీవితంలో వంట బాగుందని కూడా ఎవరూ అలా చప్పట్లు కొట్టలేదండీ! అరగంటలో నా మూడువేలు ఏడున్నర వేలయ్యాయి. ఒంట్లో ఏదో వేడి. ఆకలి లేదు, కాళ్ళ నొప్పి లేదు. నాకు ఆట వచ్చేసిందనుకున్నాను.

తర్వాత ముప్పావుగంటలో అంతా పోయింది. అక్కడ లేవాలి కదా? లేవలేదు! ఒక్క ఆట కలిసొస్తే పోయిందంతా వస్తుందనిపించింది. చెయ్యి సంచిలోకి వెళ్ళింది. ఆ చిన్న పర్సే తీశాను. ఇరుగమ్మ, పొరుగమ్మ నమ్మి ఇచ్చిన సొమ్ములోంచి రెండువేలకు బిళ్ళలు తీసుకున్నాను. అవీ పోయాయి. మళ్ళీ పర్సు తెరిచినప్పుడు నా వేళ్ళు నాకే కనపడ్డాయి. అమ్మ గాజులు పట్టుకెళ్ళిన నాన్నగారి చెయ్యి కూడా ఇలాగే వెళ్ళి ఉంటుంది కదా అనిపించింది. పర్సు మూసి లేచి వచ్చేశాను. ఓడ అంచున నిలబడి మాండోవి నీళ్ళు చూస్తూ ఏడ్చాను.

మా వారికి అప్పుడే చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "నన్ను కాపలా కాశావు, నిన్ను కాసేవాళ్ళు లేకపోయారు" అని నవ్వారు. జీడిపప్పు పూర్తిగానే కొన్నాం. ఆ రెండువేలూ తర్వాతి రెండు నెలల ఇంటి ఖర్చులో కోసుకుని, చీర కొనకుండా సర్దేశాను.

తిరిగి వచ్చేటప్పుడు రాజమండ్రిలో దిగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకు వచ్చాం. "ఆయ్, రండమ్మా, రండి!" అని పంటు కుర్రాడు పిలిస్తే ప్రాణం లేచొచ్చింది. మర్నాడే అమ్మ దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కొబ్బరి కోరుతూనే, "నువ్వు లేచొచ్చావు. ఆయన లేవలేకపోయారు" అంది. నాన్నగారు చేసింది ఒప్పని ఇప్పటికీ అనను. పోయిన తోట పోయిందే. కానీ బుద్ధిలేక చేశారని మాత్రం ఇక అనలేను. నా బుద్ధి ఎంతసేపు నిలిచిందో చూశాను కదా!

ఇప్పుడు ఓడ దాకా వెళ్ళక్కర్లేకుండా ఫోనే ఓడ అయిపోయింది. రమ్మీలో నైపుణ్యం ఎక్కువని మన ఆంధ్ర కేసులోనే 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమేనంది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ, దేశమంతటికీ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టంతోనూ నిషేధించారు. చట్టం ఉన్నా ఇంట్లో మన కన్ను ఉండాల్సిందే.

మీరూ ఎప్పుడైనా అలాంటి చోటికి వెళితే నా మాట వినండి. పోయినా బాధ లేనంత డబ్బే నోట్ల రూపంలో తీసుకెళ్ళండి. కార్డు, ఫోను గదిలో వదిలేయండి. ఎన్ని గంటలకు లేవాలో ముందే మీ వారికి చెప్పి ఉంచండి. పరుల సొమ్ము మాత్రం వెంట ఉంచుకోకండి. మీ ఇంట్లో ఎవరైనా ముక్కలో చిక్కుకుంటే, 'బుద్ధి లేదా' అని తిట్టడం కన్నా ముందు డబ్బూ నగలూ చేతికందకుండా చూసుకోండి. నేను అరగంట గెలిచి తెలుసుకున్నది ఇదే.

కార్తీకమాసంలో మా ఊరు రండి. పంటు మీద కలిసి గోదావరి దాటుదాం!