అబ్బా కారులో బారిష్ నీళ్లు

అబ్బా ఇంతెకాల్ అయి నాలుగేళ్లు. ఆయన మారుతి 800 ఇంకా మా గల్లీలోనే ఉంది. ఈ బారిష్‌లో కార్పెట్ తడిసి బద్బూ మొదలైంది. "కబాడీకి ఇచ్చేద్దాం" అన్నాడు భాయిజాన్. అమ్మీ ఏమీ అనలేదు, కానీ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఏళ్ల తరబడి ఎండలో ఉంటే ఏ రబ్బరైనా గట్టిపడుతుంది, ముడుచుకుంటుంది. దానికి కంపెనీని అనేదేం లేదు. అసలు ముష్కిల్ ఏంటంటే, నీళ్లు కనిపించే చోటు ఒకటి, దూరే చోటు మరొకటి. మా ఉస్తాద్ నా చేతికి టార్చిచ్చి లోపల కూర్చోబెట్టి, పైపుతో కింద నుంచి పైకి సన్నగా నీళ్లు పోస్తూ వచ్చాడు. డోర్ల బీడింగ్ మధ్య కాగితం పెట్టి, మూసి, లాగి చూశాడు. బిగువుగానే ఉంది. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో మాత్రం మట్టి. తీగతో పొడిస్తే, తౌబా, ఎన్ని నల్లనీళ్లు!

అసలు చోర్ ముందద్దం మూలలో దొరికాడు. భాయిజాన్ బాత్రూమ్ సిలికాన్ ట్యూబు తెచ్చాడు. ఉస్తాద్ పక్కన పెట్టేశాడు. సిర్కా వాసనొచ్చే ఆ రకం రేకుకు తుప్పు పట్టిస్తుంది. ఉన్న తుప్పును కప్పుతుందే గానీ ఆపదు. అద్దం తీసి, తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, ఆరనిచ్చాడు. కొత్త రబ్బరు గాడిలో తాడు చుట్టి, లోపలి నుంచి మెల్లగా లాగుతూ అద్దం కూర్చోబెట్టాడు. జల్దీ పడితే అద్దం పోతుంది.

సీటు కింద అబ్బా పెట్రోల్ రసీదులు నాని ముద్దయ్యాయి. కార్పెట్‌తో పాటు అమ్మీ వాటినీ మేడమీద ఆరేసింది. జుమా రోజు మళ్లీ వాన. భాయిజాన్ అమ్మీని అదే కారులో ఖాలా ఇంటికి తీసుకెళ్లాడు.