బండిలోని మందు వాసన

మహాశివరాత్రి సమీపించు దినములలో గుంటూరునుండి చిలకలూరిపేట దారిని దక్షిణముగా పయనించువారికి కన్నులకంటె ముందు ముక్కే యీ సీమను పరిచయము చేయును. మిరప యార్డు దాపునకు రాగానే ఘాటు తగిలి తుమ్ములు మొదలగును. వింత యేమనగా, మిరపలోని కారమునకు తనంతట వాసన లేదు. అది ముక్కుపొరలను మండించుటచేతనే మనకు ఘాటని తోచుచున్నది. యడ్లపాడు చేరువేళకు కుడివైపున కొండవీటి కొండలు కానవచ్చును. శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా నుండిన రెడ్డిరాజుల రాజధాని యది. దారికి రెండు ప్రక్కల నల్లరేగడి చేలు, నూలు మిల్లులు, కల్లములలో నెండబోసిన మిరపకాయలు. పేటవద్ద పడమరకు మరలినచో త్రికోటేశ్వరుడు వెలసిన కోటప్పకొండ. దక్షిణముగనే సాగి మేదరమెట్లవద్ద మరలినచో అద్దంకి. 848వ సంవత్సరపు పండరంగని శాసనములోని తరువోజ పద్యముచేత తెలుగు చదివినవారెల్ల నెఱిగిన యూరు.

ఇట్టి సీమలో మఱియొక వాసన కలదు. ఇచ్చట మందన్న రోగికిచ్చునది మాత్రమే కాదు; పైరుమీద కొట్టునదియు మందే. పత్తికిని మిరపకును పురుగుల పీడ మెండగుటచేత మందు డబ్బా లేని రైతు గృహ మరుదు. ఆ డబ్బాలను పట్టణమునుండి పల్లెకు తెచ్చు ట్రాలీ ఆటోలును చిన్న వ్యానులును పండుగ వచ్చునప్పటికి యాత్రాశకటము లగును. నిన్న పురుగుమందు తోలిన బండిలో నేడు జంపఖానా పఱచి, పిల్లలను కూర్చుండబెట్టి, పులిహోర గిన్నెయు మంచినీళ్ల బిందెయు నుంచి కొండకు బయలుదేరుదురు. మిరపకోతకు పోవు కూలి స్త్రీలైతే కోతల కాలమెల్ల నిట్టి బండ్లలోనే పోవుచుందురు. ఎక్కగానే ముక్కునకు తగులు వాసనకు డ్రైవరు చేయు చికిత్స యేమి? అద్దము దగ్గర నొక సెంటు సీసా వ్రేలాడగట్టి, రెండు అగరువత్తులు వెలిగించును.

సుందరకాండ చదివిన సోదరీమణులకు విభీషణుని నీతి జ్ఞాపకముండును: దూతను చంపరాదు. వాసనయు దూత వంటిదే. బండిలో నెచ్చటనో విషము చిందియున్నదని యది వార్త తెచ్చినది. సెంటు చల్లుట యా దూత నోరు నొక్కుటయే. వార్త మాత్రము నిజముగానే యుండును. దూత మాట పెడచెవిని బెట్టిన లంకేశ్వరుని గతి మన మెఱుగుదుము. ఇంకొక చిక్కు కలదు. ముక్కు త్వరలోనే వాసనకు అలవాటు పడును. దినమెల్ల నందే కూర్చుండు డ్రైవరు "నాకేమీ రావడము లేదమ్మా" అని చెప్పిన నది యబద్ధము కాదు, ప్రమాణమును కాదు.

ఇది లేనిపోని భయము కాదు. 1958లో గోదుమపిండి బస్తాలును పారథియాన్ అను పురుగుమందును ఒకే యోడలో కేరళమునకు వచ్చెను. మందు కారి పిండి నంటెను. ఆ పిండి తినినవారిలో నూర్గురకు పైగా మరణించిరి. ఆ యుపద్రవము తరువాత 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. ఆహారపదార్థములకు తగులునట్లు పురుగుమందులను రవాణా చేయరాదని 1971 నాటి నిబంధనలు శాసించుచున్నవి. 2013లో బీహారమునందలి సారణ్ జిల్లాలో, మోనోక్రోటోఫాస్ కలిసిన నూనెతో వండిన బడి భోజనము తిని 23 మంది పిల్లలు అసువులు బాసిరి.

కావున మొదట చేయవలసినది మూలమును వెదకుట. చాపలు, గోనెలు పైకి తీసి మూలమూలలు చూడవలెను. మందు చిందినచోట నీళ్లు గుమ్మరింపరాదు. అది మఱింత వ్యాపించును. రబ్బరు చేతితొడుగులు వేసికొని, తలుపులన్నియు తెఱచి, పొడిమన్నో రంపపు పొట్టో చల్లి, అది పీల్చుకొనిన పిమ్మట ఎత్తి, బావికిని చెరువునకును దూరముగా పాతిపెట్టవలెను. తరువాత సబ్బును బట్టల సోడాయు కలిపిన నీటితో రెండు మూడు మారులు కడుగవలెను. సోడా క్షారముచేత పెక్కు మందులు విఱుగును, అన్నియు కాదు. మందు పీల్చిన గోనెలను, స్పాంజి మెత్తలను ఉతికి దాచుకొనుటకంటె విడిచిపెట్టుటయే మేలు. పిల్లలను, గర్భిణులను ఈ పని దరికి రానీయరాదు.

క్రొత్త బండి వాసన వేఱు. రెక్సిను, ప్లాస్టిక్కు, జిగురు, ప్లైవుడ్డులనుండి వెడలు ఆవిరు లవి. వంటగది, పడకలు గల కారవానులలో చెక్కపని హెచ్చు గనుక ఫార్మాల్డిహైడ్ అను నావిరియు హెచ్చుగా నుండవచ్చును. అమెరికాలో 2005 నాటి కత్రినా తుపానుచే నిలువనీడ లేనివారికి ఇచ్చిన ట్రైలరు ఇండ్లలో నిట్లే యున్నదని 2008లో ప్రభుత్వ పరీక్షలలో తేలినది. వేడిమికి ఈ యావిరులు వేగముగా వెడలును. దీనికి మన యెండయే మంచి సాధనము. బండిలో నెవరు లేకుండ తలుపులు మూసి ఎండలో నుంచి, పిమ్మట అన్నియు తెఱచి గాలి యాడనీయవలెను; ఇట్లు పలుదినములు చేయవలెను. ఏసీ యున్నచో బయటి గాలి వచ్చు మీటను వాడవలెను. లేకున్న ఆవిరి లోపలనే తిరుగుచుండును. వంటసోడా పుల్లని వాసనలను కొంత పీల్చును. ఆవిరులకు యాక్టివేటెడ్ బొగ్గు మేలు, పొయ్యిబొగ్గు అంతగా పనికిరాదు. మూలము పోనిచో నివి రెండును నిష్ఫలములే. కలరా ఉండలు వేయుట యొక విషముపై మఱొక విషమును తెచ్చుట. కొందఱు పసిబిడ్డలకు వాని యావిరిచేత రక్తకణములు చితికి కామెర్లు వచ్చును.

మందు డబ్బాపై వజ్రాకారపు గుర్తు కలదు. దాని దిగువ సగము ఎఱుపైన నది మిక్కిలి విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువ. ఆకుపచ్చ యైనను అమృతము కాదు. ప్రయాణములో నెవరికైన కన్నీరు, చొంగ, వాంతి, చెమట, చూపు మసక కలిగినచో బండి నాపి గాలిపట్టునకు దింపవలెను. మందు తగిలిన బట్టలు విప్పి, ఒడలు సబ్బుతో కడిగి, 108కి కబురు చేసి, డబ్బాపై చీటిని వైద్యునకు చూపవలెను.

బండి కుదుర్చుట మగవారి పనిగా సాగుచున్నను, బిడ్డలను ఒడిలో నుంచుకొని యందు కూర్చుండువారము మనము. కిరాయి మాటలాడునప్పుడే "నాయనా, నిన్న ఈ బండిలో ఏమి తోలినావు?" అని యడుగుదము. మందు డబ్బాలని చెప్పినచో వేఱొక బండిని కోరుదము. మిరపకోతకు కూలీలను పిలిపించు ఇల్లాండ్రు వారి బండి విషయములోను ఈ ప్రశ్నయే వేయవలెను. వారి యొడిలోను బిడ్డ లుందురు.