నీళ్లు తేటగనే ఉన్నయి

పోస్టు పొడుగైంది, తీరిగ్గ ఉన్నప్పుడు చదవండి.

మేము ముగ్గురం, హాస్టల్ల ఒకటే రూము. ఇద్దరం ఏటూరునాగారం దిక్కు కోయ గూడేలోళ్లం, ఒకడు దేవరకొండ దిక్కు తండావోడు. మూడిండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. స్కాలర్‌షిప్ పడలే, పరీక్ష ఫీజు తారీఖు మీదికొచ్చింది. మాలో ఒకడు ఆదివారాలు చేపల తొట్ల దుకాణంల పనిచేస్తడు. బడంగ్‌పేట్‌ల కొత్తిల్లు కట్టుకున్న ఒక సారు ఆడికొచ్చి, హాల్ల మొక్కల అక్వేరియం పెట్టాలె, కింద సంపు ఫిల్టర్ ఉండాలె అన్నడు. కూలి ఆరు వేలు. రెండు వేలు అడ్వాన్సు, నాలుగు వేలు చేపలు ఈదినంక. పదకొండు రోజులల్ల గృహప్రవేశం, ఆలోపు కావాలె. తల ఊపినం.

సంపు అంటే ఇంటి ముందట నీళ్లు నింపుకునే సంపు కాదు. పెద్ద తొట్టి కింద అల్మారీల దాచే చిన్న తొట్టి. పై తొట్టి అంచు దాకా వచ్చిన నీళ్లు పైపుల నుండి కిందికి పడతయి. మొదటి అరల దూదిలాంటి పాలిస్టర్ మడ్డిని పట్టుకుంటది, రెండో అరల సిరామిక్ రింగులు, లావా రాళ్లు, చివరి అరల మోటరు నీళ్లను మళ్లీ పైకి కొడ్తది. చూసేటోళ్లకు పైది మాత్రమే కనపడ్తది. పని మొత్తం కిందిది చేస్తది.

పైది మూడడుగుల తొట్టి, దాదాపు 130 లీటర్లు. కింది రెండడుగులది గురువారం జుమ్మేరాత్ బజార్ల పాతది దొరికింది. అడుగున జల్లించిన మట్టి ఒక అంగుళం, దాని మీద కడిగిన దొడ్డు ఇసుక రెండంగుళాలు. ఈ మట్టి పద్ధతి డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికా ఆమె 1999ల పుస్తకంగ రాసింది. మనకు మాత్రం నారుమడి లెక్కనే అనిపించింది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టలే. సంపుల నీళ్లు దబదబ పడుతుంటే ఆ గ్యాసు చాలామటుకు గాలిల కలిసిపోతది, పైసలు దండుగ. అందుకే నిదానంగ పెరిగే అనూబియాస్, జావా ఫెర్న్, ఇంకా మన చెరువులల్ల గూడ దొరికే వాలిస్‌నేరియా నాటినం.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటరు ఆగంగనే నీళ్లు పైకెక్కే పైపే ఉల్టా గుంజుడు మొదలుపెట్టింది. ఆ పైపు మూతి నీళ్లల్ల నాలుగంగుళాలు మునిగి ఉండె. లెక్క తర్వాత చేసినం: పై తొట్టిల ఒక్క అంగుళం అంటే దాదాపు 9 లీటర్లు, నాలుగంగుళాలు 36. కింది సంపుల ఖాళీ 19 మాత్రమే. మిగిలింది కొత్త టైల్స్ మీద. ఇంట్ల ఎవరూ లేకపోవుడు మా అదృష్టం, మా దుప్పట్లు తెచ్చి తుడిసినం. పైపుకు నీటిమట్టం కిందనే చిన్న రంధ్రం పొడిసినం. నీళ్లు కొంచెం దిగంగనే దాంట్ల నుండి గాలి దూరి గుంజుడు ఆగిపోతది. ఎవరన్న సంపు పెడితే నీళ్లు నింపిన రోజే ప్లగ్గు పీకి చూడండి.

ఇది చిన్న తప్పు. పెద్దది చెప్పనీకె కొంచెం టైం పట్టింది, అందుకే ఇన్ని రోజులు రాయలే.

కొత్త తొట్టిల మట్టి నుండి, కుళ్లిన ఆకు నుండి, చేపల మలం నుండి అమ్మోనియా వస్తది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తది, ఇంకో రకం నైట్రేట్ చేస్తది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది మొక్కలకు ఎరువు. ఆ బ్యాక్టీరియా రాళ్లకు పట్టనీకె నెల, నెలన్నర పట్టొచ్చు. బోరు నీళ్లల్ల క్షారం ఎక్కువైతే అమ్మోనియా ఇంకా కాటేస్తది. ఇదంతా మాకు తెల్వక కాదు. పదో రోజు కిట్టుతోని పరీక్ష చేస్తే పసుపు రావాల్సిన నీళ్లు ఆకుపచ్చగ వచ్చినయి. ముగ్గురం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నం. నాలుగు వేలు. ఫీజుకు ఆఖరి తారీఖు ఇంకా ఐదు రోజులు. "ఏం కాదు తియ్యి" అన్నం. ఎవరు ముందు అన్నరో ఇప్పుడు పంచాయితీ అవసరం లేదు, ముగ్గురం అన్నం.

సారు కోరినట్టే పన్నెండు నియాన్ టెట్రాలు వదిలినం. మెత్తటి నీళ్ల చేపలు అవి, బోరు నీళ్లకు పనికిరావు, అదింకో తప్పు. గృహప్రవేశం నాడు చుట్టాలందరు తొట్టి ముందట ఫొటోలు దిగిన్రు. మూడో రోజుకు ఎనిమిది చచ్చినయి. మిగిలిన నాలుగు పైకొచ్చి గాలికి నోర్లు తెరుస్తున్నయి. సారు ఏమీ అనలే. వాళ్ల పాప ఆరేండ్లది, తొట్టికి ముక్కు ఆనిచ్చి అడిగింది: "అన్నా, నీళ్లు తేటగనే ఉన్నయి గదా?"

మా చిన్నోడు ఆ మాటకు బయటికి పోయిండు. వాని ఊర్ల ఎండాకాలం వాగు ఇసుకల చెలిమె తవ్వుకుంటరు. ఇసుక వడగట్టిన నీళ్లు అద్దం లెక్కుంటయి. వాళ్ల అమ్మమ్మ ఆనపకాయ బుర్రతోని ముంచి, ఎండకు ఎత్తి చూసి, తేటగుంటేనే బిందెల పోసేది. ఒక వానాకాలం మొదట్ల అవే తేట నీళ్లు తాగి ఊరంతా వాంతులు, విరేచనాలు. వాళ్ల అక్కను మంచానికి కట్టి వాగు దాటించిన్రు. అటు దిక్కు రోడ్డు ఎక్కినంక ఆమె మాట్లాడలే. ఇది మాకు నాలుగేండ్లుగ తెలుసు. కానీ ఆ రోజు హాల్ల నిలబడ్డప్పుడే సమజైంది.

సారుకు ఉన్నదున్నట్టు చెప్పినం. ఆకుపచ్చ రంగు గురించి గూడ. టైల్స్ మీద నీళ్ల గురించి గూడ. ఆయన కొద్దిసేపు ఊకున్నడు. "ముందే చెప్తే గృహప్రవేశానికి ఉత్త మొక్కలే చూపెట్టెటోణ్ణి గదరా" అన్నడు. గట్టిగ తిట్టినా బాగుండె.

బతికిన నాలుగింటిని దుకాణంల పాత తొట్టిలకు మార్చినం. ఆ తొట్టి ఫిల్టర్ల నుండి నానిన స్పాంజి ఒకటి అడుక్కొని తెచ్చి మా సంపుల పెట్టినం, బ్యాక్టీరియాకు అది తోడు లెక్క. పాలల్ల పెరుగు చుక్క వేసినట్టు. అప్పటినుండి చిటికెడు మేత వేసుడు, పరీక్ష చేసుడు, రాసుకునుడు. స్పాంజిని నల్లా కింద కడగలే, తొట్టి నీళ్లల్లనే పిండినం. నల్లా క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతది. ముప్పై ఎనిమిదో రోజు అమ్మోనియా పసుపు, నైట్రైట్ సున్నా. ఇంకో వారం ఆగి, మా పైసలతోని ఆరు గప్పీలు వదిలినం. గట్టి నీళ్లకు అవి ఆగుతయి. ఫీజు సీనియర్ అన్న దగ్గర అప్పు చేసి కట్టినం. సారు నాలుగు వేలు తర్వాత ఇచ్చిండు, టెట్రాల పైసలు పట్టుకొమ్మంటే పట్టుకోలే. పాప ఇప్పుడు మేత ఎక్కువ వేస్తున్నదట, రెండు రోజులకొకసారి వీడియో కాల్ చేసి మాకు చూపెడ్తది.

ఇంకో సంగతి. మా అమ్మోనియా కిట్టు తాగే నీళ్లకు పనికిరాదు, రోగాల క్రిములను అది చూపెట్టదు. దానికి హెచ్‌టూఎస్ సీసా అని వేరే ఉంటది. దాంట్ల నీళ్లు నింపి వెచ్చటి జాగల ఒకటి రెండు రోజులు పెడితే, మలం కలిసిన నీళ్లైతే నల్లగ మారుతది. ఒక్కసారి నల్లగ కాలేదని నీళ్లు మంచియని నమ్మొద్దు, కాచుకునే తాగాలె. సంక్రాంతికి ఊరికి పోయేటప్పుడు మూడు సీసాలు కొనుక్కపోతున్నం. మీ ఊర్ల ఇంకా చెలిమె నీళ్లు, వాగు నీళ్లు తాగుతుంటే కింద ఊరి పేరు రాయండి, ఎన్ని సీసాలు కావాల్నో చూసి కలిపి తెస్తం.